సీటు వచ్చింది.. వీసా ఎందుకు రాలేదు? జవాబు చెప్పే పద్ధతి రావాలి

విదేశీ యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ లెటర్లు వచ్చే రోజుల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. "సీటు వచ్చింది సరే, వీసా వస్తుందా?" ఎమ్మెస్‌కో, పీహెచ్‌డీకో సీటు తెచ్చుకోవడం ఒకప్పుడు పెద్ద పరీక్ష. ఇప్పుడు అది మొదటి మెట్టు మాత్రమే. అసలు పరీక్ష కాన్సులేట్ కిటికీ ముందు జరుగుతుంది. అక్కడ మాట్లాడే సమయం రెండు మూడు నిమిషాలు. వెనక్కి వచ్చేటప్పుడు చేతిలో ఉండే తిరస్కరణ కాగితం మీద అందరికీ ఒకే మాటలు అచ్చై ఉంటాయి.

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఏ దేశానికైనా ఉన్న హక్కు. దాన్ని ఎవరూ కాదనడం లేదు. కానీ ఎప్పుడు పిలుస్తారో చెప్పకుండా, ఎందుకు కాదన్నారో చెప్పకుండా నడిచే పద్ధతి వల్ల నష్టపోయేది ఎవరు? పై చదువుకు నిజంగా అర్హత ఉన్న పిల్లలు, వాళ్ల వెనక అప్పు చేసిన కుటుంబాలు. బాగు చేయాల్సింది ముందుగా ఈ రెండింటినే: తేదీ, కారణం.

లెక్కలు ఏం చెప్తున్నాయి?

అమెరికా 'ఓపెన్ డోర్స్' నివేదిక ప్రకారం 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడాదే మనం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చాం. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగింది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ లోపలికి వెళ్లి చూస్తే, పెరిగింది చదువు పూర్తయ్యాక ఓపీటీ మీద పని చేస్తున్నవాళ్ల సంఖ్య. మాస్టర్స్, పీహెచ్‌డీ తరగతుల్లో ఉన్నవాళ్లు దాదాపు 1.97 లక్షల నుంచి 1.78 లక్షలకు తగ్గారు. అంటే బయటికి వెళ్లే తలుపు దగ్గర రద్దీ ఉంది, లోపలికి వచ్చే తలుపు సన్నబడుతోంది.

2025 వేసవిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆ ఏడాది మే 27న అమెరికా విదేశాంగ శాఖ విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసింది. జూన్ 18న మళ్లీ మొదలుపెట్టామని ప్రకటించింది. మధ్యలో పోయింది మూడు వారాలే కదా అనిపిస్తుంది. ఆగస్టులో తరగతులు మొదలయ్యే పిల్లవాడికి మే, జూన్ నెలలే ప్రాణం. ఆ ఏడాది ఆగస్టులో విద్యార్థి వీసా మీద అమెరికా చేరిన భారతీయుల సంఖ్య అంతకు ముందు ఆగస్టు కంటే 44.5 శాతం తగ్గింది. అన్ని దేశాలకూ కలిపి చూస్తే తగ్గుదల 19 శాతమే.

తిరస్కరణల సంగతీ చూద్దాం. 2023 అక్టోబర్ నుంచి 2024 సెప్టెంబర్ వరకు ప్రపంచం మొత్తం నుంచి వచ్చిన 6.79 లక్షల ఎఫ్-1 దరఖాస్తుల్లో 2.79 లక్షలు, అంటే 41 శాతం, వెనక్కి పోయాయి. నూటికి నలభై మందికి పైగా. ఈ నలభై మందిలో ఎవరు నిజంగా అర్హత లేనివాళ్లు, ఎవరు ఒక జవాబు సరిగ్గా చెప్పలేక పోయినవాళ్లు? ఆ తేడా మనకు తెలిసే దారి లేదు.

214(బీ): ఒక సెక్షన్, వంద అర్థాలు

అమెరికా 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బీ) సెక్షన్ ప్రకారం వీసా అడిగే ప్రతి విద్యార్థీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత విద్యార్థిదే. నిరూపించుకోలేదని ఆఫీసర్‌కు అనిపిస్తే అంతే. పై అధికారికి అప్పీల్ లేదు. కోర్టులు కూడా మామూలుగా ఇందులో తల దూర్చవు.

చిక్కు ఎక్కడంటే, ఈ ఒక్క సెక్షన్ కింద ఎన్నో రకాల అనుమానాలు ఇమిడిపోతాయి. తండ్రి సంపాదన చాలదని అనుకున్నారా? యూనివర్సిటీ నమ్మకంగా అనిపించలేదా? బీటెక్ తర్వాత రెండేళ్ల ఖాళీ కారణమా? తడబడి మాట్లాడడమా? ఏదైనా కావచ్చు. కాగితం మీద మాత్రం ఒకే సెక్షన్ ఉంటుంది. చాలామంది పిల్లలు చెప్పే మాట ఇంకొకటి: "ఫైల్ నిండా కాగితాలు పట్టుకెళ్లాను, ఒక్కటీ అడగలేదు."

కారణం తెలియనప్పుడు మనిషి అదృష్టం మీద ఆధారపడతాడు. హైదరాబాద్ దగ్గర చిలుకూరు గుడికి 'వీసా బాలాజీ' అనే పేరు ఊరికే రాలేదు. మన ఇళ్లలో అమ్మలు ఇంటర్వ్యూ రోజు నఫిల్ రోజా ఉండి దువా చేస్తారు. ప్రార్థన ఎవరి విశ్వాసం వాళ్లది, అది మంచిదే. కానీ ఒక ప్రభుత్వ ఆఫీసు తీసుకునే నిర్ణయం లాటరీలా కనిపిస్తోందంటే తప్పు ప్రార్థించేవాళ్లది కాదు, ఆ పద్ధతిది. పైగా ఈ చీకట్లోనే కొన్ని కన్సల్టెన్సీల వ్యాపారం నడుస్తుంది. 'ఈ జవాబు బట్టీ పట్టు, ఫలానా కౌంటర్ వస్తే గ్యారంటీ' అని డబ్బులు తీసుకునేవాళ్లు పుట్టుకొచ్చేది కారణం చెప్పని చోటే.

పక్క దేశం చేస్తోంది కదా

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్ విద్యార్థి వీసా నిరాకరిస్తే ఏ నిబంధన కింద, ఎందుకు అన్నది రాతపూర్వకంగా ఇస్తుంది. తప్పు జరిగిందనుకుంటే 28 రోజుల్లో పునఃపరిశీలన అడగొచ్చు. మామూలు దరఖాస్తుకు మూడు వారాల్లో నిర్ణయం అని గడువు పెట్టుకుంది.

కెనడా కథ రెండు వైపులా ఉంది. రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టిన లెక్క ప్రకారం 2025 ఆగస్టులో భారతీయుల స్టడీ పర్మిట్ దరఖాస్తుల్లో దాదాపు 74 శాతం తిరస్కరించింది. 2023 ఆగస్టులో ఇది 32 శాతం. అంటే కెనడా ఉదారంగా ఉందని చెప్పడానికి లేదు. కానీ అదే కెనడా 2025 జూలై చివరి నుంచి తిరస్కరణ లేఖతో పాటు, ఆ ఫైల్ చూసిన ఆఫీసర్ రాసుకున్న నోట్స్ కూడా జత చేయడం మొదలుపెట్టింది. ఇంకో అడుగు వేసి, 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లను స్టడీ పర్మిట్ల పరిమితి నుంచి మినహాయించింది. పీహెచ్‌డీ దరఖాస్తులను 14 రోజుల్లో తేలుస్తామని చెప్పింది.

గమనించాల్సింది ఇదే. గేటు బిగించాలనుకున్న దేశం కూడా పై చదువులవాళ్లను వేరే వరుసలో నిలబెట్టొచ్చు. కాదన్నప్పుడు ఎందుకో చెప్పొచ్చు. అమెరికాలో మాత్రం యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తానన్న పీహెచ్‌డీ విద్యార్థి కూడా అందరితో పాటు అదే స్లాట్ కోసం అర్ధరాత్రి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టర్‌కు వాయిదా వేయించుకోవచ్చు గానీ, ప్రొఫెసర్ దగ్గర ఉన్న అసిస్టెంట్‌షిప్ అప్పటిదాకా ఆగుతుందన్న హామీ లేదు.

తిరుపతి నుంచి చూస్తే

ఎస్వీ యూనివర్సిటీ (1954), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్.. ఇన్ని పెద్ద సంస్థలు ఉన్న ఊరు తిరుపతి. చుట్టూ జేఎన్‌టీయూ అనంతపురం కింద నడిచే ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో. కానీ విద్యార్థి వీసాకు వేలిముద్రలు ఇవ్వాలన్నా, ఇంటర్వ్యూకు హాజరు కావాలన్నా ఊరు దాటాల్సిందే.

మన రాష్ట్రం హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. 2008లో పైగా ప్యాలెస్‌లో మొదలైన ఆ కాన్సులేట్ 2023 మార్చిలో 34 కోట్ల డాలర్లతో కట్టిన నానక్‌రామ్‌గూడ భవనంలోకి మారింది. తిరుపతి నుంచి అది 550 కిలోమీటర్ల పైమాటే. చెన్నై కాన్సులేట్ మనకు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. నిబంధనల ప్రకారం దేశంలో ఎక్కడైనా స్లాట్ తీసుకోవచ్చు. కానీ దొరికిన చోటే తీసుకోవాలి కాబట్టి చిత్తూరు పిల్లవాడు ఢిల్లీకో, కోల్‌కతాకో వెళ్లాల్సి రావచ్చు. చిత్తూరుకు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో 2025 జనవరి 17న అమెరికా కాన్సులేట్‌ను ప్రారంభించారు గానీ, వీసా సేవలు దాంతో పాటు మొదలుపెట్టలేదు.

ఖర్చు లెక్క వేసుకోండి. వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు. డాలర్ 90 రూపాయలనుకుంటే 48 వేలు. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు, రైలు, లాడ్జి, తోడు వచ్చే నాన్నకు పోయిన పని రోజులు వేరే. తిరస్కరిస్తే దరఖాస్తు ఫీజు వెనక్కి రాదు. సెవిస్ ఫీజు మాత్రం 12 నెలల్లోపు అదే రకం వీసాకు మళ్లీ ప్రయత్నిస్తే రెండోసారి కట్టనక్కర్లేదు. ఈ సంగతి తెలియక మళ్లీ కట్టేవాళ్లూ ఉంటారు. 2025 జూలైలో వచ్చిన అమెరికా చట్టంలో ఇంకో 250 డాలర్ల 'వీసా ఇంటిగ్రిటీ ఫీజు' కూడా చేరింది. అది కూడా కలిస్తే మొత్తం 70 వేలు దాటుతుంది.

మన కుటుంబాల ఆదాయం వాళ్ల లెక్కలో ఇమడదు

వీసా ఆఫీసర్‌కు సులువుగా అర్థమయ్యే కుటుంబం ఏది? నెల జీతం, ఫారం-16, మూడేళ్ల ఐటీ రిటర్నులు, బ్యాంకులో డిపాజిట్. మన వైపు సంపాదన అలా ఉండదు. మామిడి తోట ఉన్నవాళ్లకు డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చిన సంగతి చిత్తూరు రైతుకు గుర్తే. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, కాబట్టి చాలామంది రిటర్నులే వేయరు. పాల డబ్బు పదిహేను రోజులకొకసారి వస్తుంది. కువైట్‌లో డ్రైవర్‌గా పని చేసే తండ్రి పంపే డబ్బు అమ్మ ఖాతాలో పడుతుంది, ఇల్లు, పెళ్లిళ్లు, చదువు అన్నీ అందులోంచే.

ఇదంతా నిజాయితీగా వచ్చిన డబ్బే. కానీ రెండు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో వివరించడం ఇరవై రెండేళ్ల పిల్లకు కష్టం. అందుకని అప్పు లెటర్ మీద ఆధారపడతారు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి. ఇక్కడే రాయలసీమకు ఉన్న పాత సమస్య ఎదురవుతుంది. డీకేటీ పట్టా భూములను, 22ఏ జాబితాలో పడిన సర్వే నంబర్లను తనఖా పెట్టుకోవడానికి బ్యాంకులు ముందుకు రావు. తనఖా లేని అప్పు కావాలంటే ఎక్కువ వడ్డీకి ప్రైవేట్ సంస్థల దగ్గరికి పోవాలి.

మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువు అప్పు మీద వడ్డీ భారం తగ్గించిన కేంద్ర పథకం 'పఢో పరదేశ్'. 2022-23 నుంచి దాన్ని ఆపేశారు. రాష్ట్రంలో విదేశీ విద్యా పథకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు, నిబంధనలు మార్చుకుంటున్నాయి. పక్క తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏ పథకమైనా సరే, మంజూరు లెటర్ ఇంటర్వ్యూకు ముందు చేతికి వస్తేనే ఉపయోగం. వీసా వచ్చాక, ఫ్లైట్ ఎక్కాక వచ్చే లెటర్ ఆఫీసర్‌కు చూపించలేం కదా.

పేరులో ఏముంది? చాలా ఉంది

మన సమాజానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. టెన్త్ మెమోలో పేరుకు ముందు 'ఎస్‌కే' అని ఒక్క పొడి మాట. ఆధార్‌లో 'షేక్'. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏమీ లేకుండా పేరంతా ఒకే ముక్క. డిగ్రీ సర్టిఫికెట్‌లో 'షేక్' స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా. మహమ్మద్, పఠాన్, సయ్యద్ అన్నిటిదీ ఇదే కథ. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ', అంటే 'మొదటి పేరు తెలియదు' అని పడుతుంది. అక్కడ బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా ఆ మూడక్షరాలు వెంటాడతాయి.

అంతకంటే పెద్ద విషయం, ఒకే పేరుతో లక్షల మంది ఉన్నప్పుడు తనిఖీలో ఇంకెవరి పేరుతోనో కలవడం సులభం. అలా జరిగితే 221(జీ) కింద ఫైల్ 'అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్'లోకి వెళ్తుంది. దానికి గడువు లేదు. తరగతులు మొదలైపోయినా ఆన్‌లైన్‌లో అదే మాట కనిపిస్తుంటుంది. ఇలాంటి ఫైళ్లకు తరగతుల తేదీని బట్టి ప్రాధాన్యం ఇవ్వాలని అడగడం న్యాయమైన కోరికే.

దీనికి తోడు 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా ఉంచాలి. ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ ఫారంలో రాయాలి. ఏ పోస్టు ఇబ్బంది తెస్తుందో ఎవరూ చెప్పరు. పాలస్తీనా పిల్లల ఫొటో ఎప్పుడో షేర్ చేసినందుకు భయపడుతున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఖాతాను దాచి అబద్ధం రాస్తే అది తిరస్కరణతో పోదు, శాశ్వత నిషేధం దాకా వెళ్లొచ్చు. కానీ గీత ఎక్కడుందో చెప్పకుండా గీత దాటొద్దంటే పిల్లలు ఏం చేయాలి?

మన వైపు తప్పులు లేవా?

ఉన్నాయి. దాచుకోవాల్సిన పని లేదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు ఎక్కువగా చిక్కుకున్నది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు కట్టారు. 2019లో అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో మళ్లీ మనవాళ్లే. 2023 ఆగస్టులో ఒక్కరోజే 21 మంది భారతీయ విద్యార్థులను విమానాశ్రయాల నుంచి తిప్పి పంపితే అందులో చాలామంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లు. దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు, లేని ఉద్యోగ అనుభవం అమ్మే దుకాణాలు మన పట్టణాల్లో లేవని ఎవరూ ప్రమాణం చేయలేరు. ఒకడు చేసిన మోసానికి వెనకొచ్చే వందమంది నిజాయితీపరులు జవాబు చెప్పాల్సి వస్తోంది.

అయితే మోసానికి విరుగుడు రెండు నిమిషాల ముఖపరీక్ష కాదు, కాగితాల తనిఖీ. మన డిగ్రీలు ఇప్పుడు డిజిలాకర్‌లోని జాతీయ అకడమిక్ డిపాజిటరీలో చేరుతున్నాయి. మార్కుల మెమో నిజమో కాదో అక్కడే తేల్చుకునే ఏర్పాటు కాన్సులేట్లతో చేసుకుంటే దొంగ కాగితం విలువ పడిపోతుంది, నిజమైన కాగితం విలువ పెరుగుతుంది. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లు, కన్సల్టెంట్లకు లైసెన్స్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మన రాష్ట్రంలోనూ విదేశీ విద్యా కన్సల్టెన్సీల మీద అలాంటి అజమాయిషీ ఉండాలి.

ఏం చేయాలి?

మనం అమెరికా చట్టం మార్చలేం. కానీ అడగాల్సింది అడగొచ్చు. 2024లో విదేశాల్లో చదువుతున్న భారతీయులు 13 లక్షల పైమాటే. ఇంతమంది ఫీజులు కట్టే దేశం గట్టిగా అడిగితే వినేవాళ్లు ఉంటారు. కేంద్ర విదేశాంగ శాఖ కాన్సులర్ చర్చల్లో మూడు విషయాలు పెట్టాలి. ఒకటి, తరగతులు మొదలయ్యే తేదీని బట్టి స్లాట్ రావాలి, స్టైపెండ్ ఉన్న పరిశోధక విద్యార్థులకు వేరే వరుస కావాలి. రెండు, తిరస్కరణకు కనీసం ఒక వాక్యం కారణం రాయాలి. డబ్బు గురించా, చదువు గురించా, పేరు తనిఖీయా అన్నది చెప్తే చాలు. మూడు, వేలిముద్రల సేవను సీజన్‌లో కొన్ని రోజులైనా తిరుపతి లాంటి ఊళ్లకు తేవాలి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం తిరుపతికి వచ్చినప్పుడు ఇదెందుకు రాదు?

మన చేతిలో ఉన్న పనులూ తక్కువేం కాదు. చివరి సెమిస్టర్ ఫలితాలు, ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్టులు గడువు పెట్టి ఇచ్చే ఒక కిటికీ ప్రతి యూనివర్సిటీలో ఉండాలి. జూలైలో వచ్చే ప్రొవిజనల్‌తో ఆగస్టు తరగతులు అందుకోవడం ఎంత కష్టమో ఆ పరుగు పెట్టినవాళ్లకే తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ విదేశాల్లో ఉన్నవాళ్లకు సాయం చేస్తోంది. వెళ్లబోయే విద్యార్థికి కూడా జిల్లాలో ఒక మనిషిని పెట్టి, ఉచితంగా ఫారం చూసిపెడితే కన్సల్టెన్సీకి కట్టే డబ్బు మిగులుతుంది. మన మస్జిద్ కమిటీలు, విద్యా ట్రస్టులు కూడా ఆదివారం పూట ఈ పని చేయొచ్చు. అక్కడ చదివి వచ్చినవాళ్లు ప్రతి మొహల్లాలో ఒకరిద్దరు ఉన్నారు.

ఇంట్లో చేయాల్సింది ఒక్కటే చెప్తాం. బీటెక్ మూడో ఏడాదిలోనే టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, పుట్టిన తేదీ, నాన్న పేరు అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే టెన్త్ మెమో ప్రకారం మిగతావి మార్పించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. స్లాట్ వచ్చాక దిద్దుకోవాలంటే టైం సరిపోదు.

వీసా రాకపోతే బాధ ఉంటుంది. కారణం తెలిస్తే ఆ బాధ పాఠమవుతుంది, మళ్లీ ప్రయత్నించొచ్చు. లేదా ఇక్కడే మంచి దారి చూసుకోవచ్చు. కారణం తెలియకపోతే మాత్రం ఆ పిల్లవాడు తనలోనే ఏదో లోపం ఉందని ఏళ్ల తరబడి వెతుక్కుంటాడు. కష్టపడి చదివి, అప్పు చేసి, అంత దూరం వెళ్లి నిలబడిన విద్యార్థికి ఒక్క వాక్యం జవాబు ఇవ్వడం ఏ దేశానికీ భారం కాదు.